ముప్ఫై సెకన్ల గోలీ

తార్మో హుత్తినెన్ మాస్టారు మౌనం మీద రెండున్నర గంటలు ఉపన్యాసం చెప్పగలడు. హాస్యానికి అంటున్న మాట కాదు, నిజంగానే చెప్తాడు. దానికి తొంభై నాలుగు స్లైడులు ఉన్నాయి. మొదటి స్లైడు మీద ఎర్రక్షరాలతో "మాస్టారు నోరు మూస్తే పిల్లల చేతులు తెరుచుకుంటాయి" అని ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల బడులవాళ్లు ఆయన్ని పిలిచి, కాఫీ పోసి, యాలకుల బన్ను పెట్టి మరీ చెప్పించుకుంటారు. చివర్న ఆయన "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడుగుతాడు. మా ఫిన్లాండు వాళ్ల సంగతి తెలిసిందే కదా, అడిగిన వెంటనే ఎవడూ నోరు విప్పడు. అందుకని ఆయనే ఒక మూడు సందేహాలు తెచ్చుకుని, ఆయనే వాటికి జవాబులు చెప్పుకుని, చప్పట్లు కొట్టించుకుని ఇంటికొస్తాడు.

తార్మోకి అరవై మూడు నిండాయి. ఈ జూన్‌లో బడికి సెలవులిచ్చేస్తే ఆయన ఉద్యోగమూ అయిపోతుంది. ముప్ఫై ఆరేళ్లు ఒకే బడి, ఆరో తరగతి, కిటికీ పక్కనే సరస్సు. దేనికీ లోటు లేని బతుకు. కిందటి శరత్కాలం దాకా ఆయన అలాగే అనుకున్నాడు పాపం.

మా బడుల్లో ఒక పద్ధతి ఉంది. ఏడాదికొకసారి ప్రతి తరగతీ పెద్ద ప్రాజెక్టు ఒకటి చెయ్యాలి. దేని గురించి చెయ్యాలో పిల్లలే అనుకోవాలి, పిల్లలే గీసుకోవాలి, పిల్లలే కొయ్యాలి, అంటించాలి, చెడగొట్టుకోవాలి, మళ్లీ చేసుకోవాలి. మాస్టారు పక్కన నిలబడి ఉండాలి, అంతే. ఈ పద్ధతి పుస్తకాల్లోకి ఎక్కకముందు నుంచే తాను చేయిస్తున్నానని తార్మో చెప్పుకుంటాడు. బడి వరండాలోకి వెళ్తే సాక్ష్యం కనిపిస్తుంది. గాజు బీరువాల్లో గాలిమరలు, దుంగల తెప్పలు, ఆవిరి పడవలు, మళ్లీ గాలిమరలు. కింద చీటీల మీద "ఆరో తరగతి పిల్లలు స్వయంగా ఎంచుకున్నది" అని ఉంటుంది.

"చిత్రం కదూ తార్మో," అంటుంది ఆయన భార్య ఇర్మెలి. "ముప్ఫై ఆరేళ్లలో ఈ ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ నీకు ఇష్టమైనవే ఇష్టమయ్యాయి."

అసలు సంగతి ఏమిటంటే, మా ఊళ్లో మీటింగు ఏదైనా ఒకేలా నడుస్తుంది. అధ్యక్షుడు "ఎవరికైనా అభ్యంతరమా?" అంటాడు. ఎవరికీ ఉలుకూ పలుకూ ఉండదు. సుత్తితో బల్ల మీద ఒక్కటి కొడతాడు, తీర్మానం పాసైపోతుంది. నచ్చనివాళ్లు ఇంటికెళ్లి నచ్చలేదని చెప్పుకుంటారు. పుట్టినప్పటి నుంచీ ఇదే చూసినవాడు కాబట్టి తార్మో కూడా తరగతిలో అదే చేస్తూ వచ్చాడు. సెప్టెంబరులో పిల్లల ముందు నిలబడి, "ఈ ఏడాది ఏం చేద్దాం? మీ ఇష్టం. పూర్తిగా మీ ఇష్టం" అంటాడు. పిల్లలు ఆలోచనలో పడతారు. మా పిల్లలు ఆలోచించడం మొదలుపెడితే మొహంలో ఏమీ కనపడదు, కిటికీలోంచి బయటకు చూస్తున్నట్టే ఉంటుంది. "ఉదాహరణకి, ఆవిరి పడవ అనుకోండి..." అని తార్మో అందుకుంటాడు. పిల్లలు ఇంకా ఆలోచిస్తూనే ఉంటారు. "భేష్! అందరూ ఒప్పుకున్నట్టే!" అంటాడు. పడవకి కావలసిన చెక్క అప్పటికే ఆగస్టులో వచ్చి వర్క్‌షాపులో పడుకుని ఉంటుంది.

ఈసారీ అలాగే అయింది. ఈసారీ ఆవిరి పడవే.

అయితే అక్టోబరులో లెక్కల క్లాసులో సగటు తియ్యడం చెబుతూ తార్మో ఒక పొరపాటు చేశాడు. "మీకు నచ్చినదేదైనా లెక్కపెట్టుకు రండి, దాని సగటు తీద్దాం" అన్నాడు. 'ఉదాహరణకి' అని అందుకోబోయాడు, ఇంతలో ఉపన్యాసానికి రమ్మని ఎవరో ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్లాడు. ముప్ఫై ఆరేళ్లలో మొదటిసారి పిల్లలకి ఉదాహరణ అందలేదు.

రెండు వారాల తర్వాత తైమి అనే అమ్మాయి లేచి ఒక చార్టు గోడకి అంటించింది. రెండు జడలు, ముక్కు మీద మచ్చలు, మాట తక్కువ, చూపు ఎక్కువ. పక్కన యాలో నిలబడ్డాడు. తరగతిలో అందరికన్నా పొడుగు, చేతులకి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట రంపపు పొట్టు అంటుకుని ఉంటుంది. చార్టులో నీలం నిలువు గీతలు, ఎర్ర నిలువు గీతలు. కొలతలు చక్కగా వేసి, అంచులు స్కేలుతో కొట్టారు.

"అబ్బో!" అన్నాడు తార్మో. "ఎంత శుభ్రంగా ఉందో చూడండి! ఇదీ చార్టు అంటే! దేన్ని లెక్కపెట్టారు? రోడ్డు మీద కార్లా? పక్షులా?"

"నిన్ను, ఓపె," అంది తైమి.

మా పిల్లలు మాస్టారిని ఓపె అనో, పేరు పెట్టో పిలుస్తారు, నువ్వు అంటారు. అందులో అమర్యాద ఏమీ లేదు.

"నువ్వు రెండు వారాల్లో మమ్మల్ని రెండు వందల పన్నెండు ప్రశ్నలు అడిగావు," అంది తైమి. "నీలం గీతలు మేం జవాబు చెప్పినవి. ఎర్ర గీతలు నీకు నువ్వే చెప్పుకున్నవి. ఎర్రవి నూట ముప్ఫై ఒకటి. ప్రశ్న అడిగాక మళ్లీ నువ్వు నోరు తెరిచేదాకా పట్టే కాలం సగటున..."

"ఎంత?" అన్నాడు తార్మో ఉత్సాహంగా. "నాలుగు సెకన్లు ఉంటుందా? ఐదు?"

యాలో చేతిలో స్టాప్‌వాచ్ నొక్కి చూశాడు. "ఇప్పుడైతే సున్నా," అన్నాడు. "సగటు ఒకటి పాయింట్ ఎనిమిది."

తరగతి మొత్తం గొల్లుమంది. తార్మో కూడా నవ్వాడు. ఎర్ర గీతల అందం చూసి మొదట సంతోషమే వేసింది ఆయనకి. ఆ గీతలు ఎవరివో అప్పుడు లోపలికి దిగింది, తల కొట్టేసినట్టయింది. వెంటనే ఆయన చేసిన పని ఏమిటంటే, అది ఎంత గొప్ప పరిశోధనో పిల్లలకి ఇరవై రెండు నిమిషాలు వివరించాడు. ఇరవై రెండు అని తర్వాత తైమి చార్టు కింద పెన్సిలుతో రాసి పెట్టింది.

సాయంత్రం బఠానీల సూప్ ముందు కూర్చుని ఇర్మెలికి జరిగిందంతా చెప్పాడు. "నిజం చెప్పు, నేను అంత మాట్లాడతానా? మాట్లాడనులే. అది పిల్లల సరదా. కానీ గడియారం అబద్ధం చెప్పదు కదా. చెప్తుందంటావా? చెప్పదులే."

ఇర్మెలి చెంచా గాల్లోనే ఉంది. "నేనింకా గుటక కూడా వెయ్యలేదు తార్మో," అంది.

తార్మోకి గాజు బీరువాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. ముప్ఫై ఆరు ప్రాజెక్టులు. పిల్లలవి ఎన్ని? ఆలోచించి ఆలోచించి ఒక్కటీ తేల్చలేకపోయాడు. ఊరూరా తిరిగి పిల్లల్ని నడవనివ్వండి అని చెప్పొచ్చిన పెద్దమనిషి, ఒక్క తరగతిని కూడా దానంతట దాన్ని నడవనివ్వలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. జూన్‌కి ఇంకా ఏడు నెలలుంది. ఒక్కటి, వెళ్లిపోయేలోగా ఒక్కటంటే ఒక్కటి, నిజంగా పిల్లలది అయిన ప్రాజెక్టు చూడాలి. చూడకపోతే ఆ తొంభై నాలుగు స్లైడులూ పొయ్యిలో పెట్టుకోవాలి.

మర్నాడు తరగతిలో నిలబడి, ఆవిరి పడవ రద్దని చెప్పాడు. "ఏం చెయ్యాలో మీరే చెప్పండి. ముప్ఫై సెకన్లు నేను మాట్లాడను." లోపల లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఐదు దాకా బాగానే ఉంది. ఎనిమిది దగ్గర నాలుక దురద పుట్టింది. పదకొండు దగ్గర, "అంటే, ఆవిరి పడవ కూడా మరీ అంత..." అన్నాడు.

"నీవల్ల కాదు ఓపె," అంది తైమి జాలిగా. "నీకో యంత్రం కావాలి."

అదీ ప్రాజెక్టు. ఎవరూ సుత్తి కొట్టలేదు, ఎవరూ అందరూ ఒప్పుకున్నట్టే అనలేదు. తరగతిలోని పద్దెనిమిదిమందీ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఓపె ప్రశ్న అడగ్గానే గోడకి ఎత్తున ఉన్న గాడిలో ఒక గాజు గోలీ వదలాలి. గోలీ అటూ ఇటూ మెలికలు తిరుగుతూ దిగాలి. అడుగున గంట ఉంటుంది. గంట మోగేదాకా ఓపె నోరు తెరవకూడదు. గోలీ దిగడానికి ముప్ఫై సెకన్లు పట్టాలి. తార్మో గోడకి ఆనుకుని వింటున్నాడు. వీళ్లు ఇంత గట్టిగా మాట్లాడగలరని ఆయనకి తెలియదు.

బడి పెద్ద హెల్లెవి దగ్గరికి వెళ్లి గొప్పగా చెప్పాడు. ఆవిడ మంచి మనిషి, కాకపోతే మొహమాటం తక్కువ.

"మే నెలలో ఇరవైమంది మాస్టర్లు వేరే ఊళ్ల నుంచి మన బడి చూడటానికి వస్తున్నారు," అంది హెల్లెవి. "నీ తరగతికే తీసుకొస్తాను. పిల్లలే అంతా చూపిస్తారన్నమాట?"

"పిల్లలే. నేను ఆ గంటసేపూ ఒక్క మాట మాట్లాడను. చూస్తూ ఉండు."

హెల్లెవి ఆయన్ని ఎగాదిగా చూసింది. "పోనీ ఆ రోజు సెలవు పెట్టరాదూ?" అంది.

శీతాకాలమంతా వర్క్‌షాపులో రంపాలు ఆడాయి. పిల్లలు బూట్లు వరండాలో విడిచి, ఉన్ని మేజోళ్లతో చెక్కపొట్టులో తిరిగేవాళ్లు. భూర్జ చెక్క పలకల్లో ఉలితో గాడి చెక్కడం, ఉప్పు కాగితంతో రుద్దడం, గోలీ వదలడం, స్టాప్‌వాచ్ నొక్కడం. మొదటిసారి తొమ్మిది సెకన్లు పట్టింది. గోలీ నాలుగో మలుపులో ఎగిరి యాలో నుదుటికి తగిలింది. వాలు తగ్గించారు, గోలీ మధ్యలోనే ఆగిపోయింది. వాలు పెంచారు, మళ్లీ తొమ్మిది. జనవరి చివరికి పద్నాలుగుకి వచ్చి అక్కడే కూర్చున్నారు.

తార్మో చేతులు కట్టుకుని తిరిగేవాడు. ఎక్కడ తప్పో ఆయనకి స్పష్టంగా తెలుసు. రెండో పలక వాలు రెండు వేళ్లు తగ్గించి, గాడి అడుగున సన్నటి ఉన్ని గుడ్డ అంటిస్తే చాలు. అది చూస్తూ చూస్తూ ఊరుకోవడం ఎంత నరకమో అనుభవించినవాడికి తెలుస్తుంది. వేళ్లు వాటంతట అవే కదిలేవి. సూప్ తాగుతూ బల్ల మీద చెంచాతో వాలు గీసేవాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం పిల్లలందరూ ఇళ్లకి వెళ్లాక, 'కిటికీ వేశానో లేదో చూసొస్తా' అని తనకి తానే అబద్ధం చెప్పుకుని వర్క్‌షాపులోకి వెళ్లాడు. కిటికీ వేసే ఉంది. అయినా గంటన్నర ఉన్నాడు. రెండో పలక పీకి, కొత్త పలకకి చిత్రిక పట్టి, అద్దంలా నునుపు చేసి, గుడ్డ అంటించి బిగించాడు. గోలీ వదిలాడు. సరిగ్గా ముప్ఫై. ఆహా అనుకున్నాడు. ఆ ఆహా ఇంటికి వెళ్లేదాకా ఉంది.

సోమవారం యాలో గోలీ వదిలాడు. గంట మోగింది. స్టాప్‌వాచ్ చూశాడు. ఎవరూ ఎగిరి గంతెయ్యలేదు.

"ముప్ఫై," అన్నాడు యాలో. గోడ దగ్గరికి వెళ్లి రెండో పలక మీద వేలు రాశాడు. "ఇది ఎవరు చేశారు?"

తార్మో తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి సరస్సు చూస్తున్నాడు.

"దీనికి చిత్రిక పట్టారు," అన్నాడు యాలో. "మనలో ఎవరికీ చిత్రిక పట్టడం రాదు. నాకు కూడా సరిగా రాదు."

"వెనకాల పెన్సిలుతో కొలతలున్నాయి," అంది తైమి పలక పీకి తిప్పి చూస్తూ. "ఏడు అంకెకి నడుము మీద గీత కూడా ఉంది. ఓపె, నీ ఏడు."

తార్మో గొంతు సవరించుకున్నాడు. మీకు సాయంగా ఉంటుందని, ఊరికే ఒక సూచనగా, మీరు దాన్ని ఉంచుకోవచ్చు, ఉంచుకోకపోవచ్చు... అని మొదలుపెట్టాడు కానీ యాలో మొహం చూసి ఆగిపోయాడు. ఆ పిల్లాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పద్నాలుగు మాది," అన్నాడు యాలో. "ముప్ఫై నీది. నీ ముప్ఫై మాకెందుకు?"

తార్మో తప్పయిందన్నాడు. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో పిల్లలకి తప్పయిందని చెప్పడం అదే మొదటిసారి, పైగా అంత చిన్న వాక్యం చెప్పడం కూడా అదే మొదటిసారి. తైమి ఆ నున్నటి పలకని తీసుకెళ్లి వరండాలో, పిల్లలు పారేసుకున్న చేతి తొడుగులూ టోపీలూ వేసే పెట్టెలో పడేసింది. రెండు వారాలు అది ఆ తొడుగుల మధ్య పడి ఉంది. తనది అని చెప్పి తీసుకోవడానికి తార్మోకి మొహం చెల్లలేదు.

ఆ తర్వాత పిల్లలు తమ దారి తామే వెతుక్కున్నారు. వాలు సంగతే మానేశారు. హిల్ప అని ఒక పిల్ల ఉంది, ఇంట్లో ఖాళీ పాల అట్టడబ్బాలు పోగేస్తుంది. వాటిని కోసి, గాడి మధ్యలో ఊగే గిన్నెల్లా పెడదామంది. గోలీ గిన్నెలో పడుతుంది, గిన్నె బద్ధకంగా వంగుతుంది, గోలీ కింది గిన్నెలోకి జారుతుంది. మొత్తం పదకొండు గిన్నెలు. ఒకటి నీలం, ఒకటి చిరిగింది, ఒకటి బూటు తాడుతో కట్టింది. ఏ వైపు నుంచి చూసినా వంకరే. తార్మో జన్మలో అంత వికారమైన చెక్కపని చూడలేదు. ఏప్రిల్‌లో సరస్సు మీద మంచు కరిగే నాటికి అది ముప్ఫై ఒకటికి వచ్చింది. ఆ రోజు వర్క్‌షాపులో పద్దెనిమిదిమందీ వేసిన కేకలకి హెల్లెవి పైఅంతస్తు నుంచి పరిగెత్తుకొచ్చింది, ఎవరి వేలో తెగిందనుకుని.

యంత్రాన్ని తరగతి గోడకి బిగించారు. ఆ రోజు నుంచి తార్మో బతుకు ముప్ఫై ఒక్క సెకన్ల ముక్కలైంది. ప్రశ్న అడిగేవాడు. గోలీ దిగేది. మొదటి వారం ఆయనకి చెమటలు పట్టాయి. రెండో వారం ఒక విడ్డూరం జరిగింది. పద్దెనిమిదో సెకను దగ్గరో, ఇరవై నాలుగు దగ్గరో, ఏడాది పొడుగునా నోరు విప్పని పిల్లలు చెయ్యెత్తడం మొదలుపెట్టారు. వాళ్లు చెప్పినవి విని తార్మో ఇంటికొచ్చి ఇర్మెలికి చెప్పేవాడు. చెప్పి, ఆవిడ గుటక వేసేదాకా ఆగేవాడు. ఒక రోజు ఇర్మెలి చెంచా కింద పెట్టి, పదేళ్ల కిందట తనకి కయ్యాక్ పడవ నడపడం నేర్చుకోవాలని ఉండేదని చెప్పింది. ఆయనకి ఆ సంగతే తెలియదు.

మే నెలలో ఆ రోజు రానే వచ్చింది. ఇరవైమంది అతిథులు బూట్లు బయట విడిచి, గోడ వెంట చిన్న కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూర్చున్నారు. తార్మో బల్ల పక్కన నిలబడ్డాడు. నోరు తెరవనని అందరి ముందూ, హెల్లెవి సాక్షిగా, ఆయన చేత ప్రమాణం చేయించుకున్నారు పిల్లలు. తైమి యంత్రం చరిత్ర చెప్పింది. ఎర్ర గీతల చార్టు చూపించింది. అతిథులు నవ్వారు. నున్నటి పలక కథ యాలో చెప్పాడు. అతిథులు ఇంకా నవ్వారు. తార్మో కూడా నవ్వాడు, చెవులు ఎర్రగా కాలుతున్నా. ఇంతవరకూ ఒక్క మాట జారలేదు. ఇంకో అరగంట ఓర్చుకుంటే గెలిచినట్టే.

నెరిసిన గడ్డం ఉన్న అతిథి ఒకాయన చెయ్యెత్తాడు. "పిల్లలూ, ఒక ప్రశ్న. ఇప్పుడు, ఈ పూట, మీ మాస్టారి నుంచి మీకేం కావాలి?"

హిల్ప గోలీ వదిలింది.

గోలీ మొదటి గిన్నెలో పడింది, రెండో దాంట్లో పడింది. తరగతి నిశ్శబ్దంగా ఆలోచనలో పడింది. ఐదో గిన్నె వంగింది. ఏడో గిన్నె, ఆ బూటు తాడు గిన్నె, సగం వంగి ఆగిపోయింది. గోలీ లోపల చిక్కుకుంది.

గంట మోగదు. ఇక ఎంతసేపైనా మోగదు.

ఎవరూ కదల్లేదు. అతిథుల్లో ఒక్కరికి కూడా ఇబ్బందిగా లేదు, మావాళ్లు కదా, గంటసేపైనా అలా కూర్చోగలరు. ముప్ఫై అయింది, నలభై అయింది. ఇబ్బందంతా తార్మోదే. తాడు మెలిపడింది, చిటికెన వేలితో అటు తోస్తే చాలు. ఆయన పెదవులు బిగించాడు, పళ్లు బిగించాడు. చూపు మాత్రం ఆ గిన్నెని అటు తోస్తూనే ఉంది, గడ్డం అటు తిరిగింది, కనుబొమలు అటు లేచాయి. అరవై అయింది. డెబ్బై అయింది. మాట్లాడలేదు. జీవితంలో అంతసేపు ఆయన మేలుకుని ఉండి మాట్లాడకపోవడం జరగలేదు. గర్వంగా ఉంది. గెలుస్తున్నాను అనుకున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు యాలో చివరికి. ఏదో బరువు ఎత్తుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు. "ఓపె, నువ్వు కాసేపు బయటికి వెళ్తే బాగుంటుంది."

హెల్లెవి దగ్గింది.

"కోపంతో కాదు," అంది తైమి తొందరగా. "నువ్వు ఏమీ మాట్లాడ్లేదు, మేం చూశాం. చాలా బాగా ఓర్చుకున్నావు. కానీ నీ మొహం మాట్లాడుతోంది ఓపె. అందరం గిన్నె వైపు కాకుండా నీ కనుబొమల వైపు చూస్తున్నాం."

పద్దెనిమిది తలలు అవునన్నట్టు ఊగాయి. వాళ్ల మొహాల్లో వెటకారం లేదు. ఆయన్ని నొప్పించకుండా ఎలా చెప్పాలా అని డెబ్బై సెకన్లు ఆలోచించి చెప్పారు. తార్మోకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాట్లాడకూడదు కాబట్టి ఏమీ అనలేదు. చేత్తో కనుబొమలు ఒకసారి సర్దుకుని, తలూపి, మేజోళ్లతో చప్పుడు చెయ్యకుండా నడిచి వెళ్లి తలుపు మూశాడు.

వరండాలో ఎవరూ లేరు. కోట్లు కొక్కేలకి వేలాడుతున్నాయి, కింద వరసగా బూట్లు. తార్మో గోడ వారన నిలబడ్డాడు. లోపల ఒక నిమిషం ఏమీ వినపడలేదు. తర్వాత ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. కుర్చీలు జరిగాయి. ఎవరో సుత్తి కొట్టారు. ఎవరో "అలా కాదు, పట్టుకో, పట్టుకో!" అన్నారు. గడ్డం ఆయన గొంతు, "ఇక్కడా? ఇక్కడ పట్టుకోనా?" అంది. పిల్లలు ఆయనకి పని పురమాయిస్తున్నారు. ఒక నవ్వు, పెద్ద నవ్వు. గంట ఒకసారి మోగింది, చప్పట్లు మోగాయి, మళ్లీ రంపం చప్పుడు. కొత్తదేదో మొదలుపెట్టినట్టున్నారు.

ఇదే కదా ఆయన కోరుకున్నది. ముప్ఫై ఆరేళ్లుగా ఊరూరా చెప్పింది ఇదే కదా. వెళ్లిపోయేలోగా ఒక్కటి చూడాలనుకున్నాడు, ఇదిగో, అయింది. తార్మోకి సంతోషంగానే ఉంది. అయినా తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఏం చేస్తున్నారర్రా అని ఒక్క మాట అడగాలని ప్రాణం లాగింది. ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి, ఆయన్ని పిలిస్తే బాగుండునని అనిపించింది. పిలుస్తారేమోనని తలుపుకి ఒక అడుగు దగ్గరగా జరిగాడు. తన మీద తనకే నవ్వొచ్చి, మళ్లీ వెనక్కి జరిగాడు. మళ్లీ ముందుకి జరిగాడు.

పావుగంట గడిచాక తలుపు తెరుచుకుంది. తైమి తల బయటపెట్టింది. జడలో చెక్కపొట్టు, బుగ్గ మీద రంగు.

"ఓపె, మంచి జిగురు ఎక్కడుంది?"

తార్మో మొహం విప్పారింది. జిగురు! వర్క్‌షాపులో ఎడమవైపు బీరువా, పై అర, రంగు డబ్బాల వెనక, మూత గట్టిగా ఉంటుంది, తిప్పే ముందు వేడినీళ్లలో పెట్టాలి, ఈ బడిలో ఆ సంగతి తెలిసింది ఆయనొక్కడికే. నోరు తెరిచాడు.

"తైమీ!" అని లోపల్నుంచి హిల్ప కేక వినిపించింది. "దొరికింది, వచ్చెయ్!"

"ఆ, దొరికిందట ఓపె," అంది తైమి, తలుపు వేసేసింది.